ఈ వారం సమస్య: "నిప్పు లేని చోట నిండెను పొగ"

నిర్వాహకుడు: సామెతను తలకిందులు చేశాను. ఆటవెలది చివరి పాదం. యతి ని-నిం.

పూరణ 1

పెండ్లి జరుగు వేళ వేదిక చుట్టును
మబ్బు దిగెనొ యనగ మంచుముక్క
కఱగి నీటిలోనఁ గనువిందు చేయఁగ
నిప్పు లేని చోట నిండెను పొగ

నిర్వాహకుడు: చమత్కారం బాగుంది. కానీ పొడిమంచు (డ్రై ఐస్) కరగదండి. మైనస్ 78 డిగ్రీల దగ్గర నేరుగా వాయువైపోతుంది. "మునిగి నీటిలోన మురిపించుచుండఁగ" అంటే తప్పూ పోతుంది, యతీ నిలుస్తుంది.

పూరణ 2

మణిని కోరి నాడు మాధవుడే చంపె
నంచు నూరివారు నమ్మి రపుడు
సింగ మడవిలోనఁ జీల్చిన దెఱుగక
నిప్పు లేని చోట నిండెను పొగ

నిర్వాహకుడు: శ్యమంతకం వస్తుందని ఎదురుచూస్తూనే ఉన్నాను. "నాడు" ఉండగా మళ్ళీ "అపుడు" దేనికి? ప్రసేనుడి ఊసే లేదు. చవితి కథ తెలిసినవారు కనుక సర్దుకుంటారు. అసలు పేచీ "నమ్మిరి" దగ్గర. భాగవతంలో సత్రాజిత్తు "బహుశా కృష్ణుడే చంపి ఉంటాడు" అంటాడు, అంతే. అది విని జనం ఒకరి చెవిలో ఒకరు ఊదుకున్నారు. నమ్మారని లేదు. నమ్మకపోయినా చెప్పుకోవచ్చు కదా! ఆ నింద పోగొట్టుకోవడానికి కృష్ణుడు గుహలో జాంబవంతుడితో 28 రోజులు పోరాడవలసి వచ్చింది. రెండో పాదం ఇలా మార్చి చూడండి: "నంచుఁ జెవులఁ జెవుల నాడికొనిరి".

పూరణకర్త: ధన్యవాదాలండి. ఆ "బహుశా" నాకు తట్టలేదు.

పూరణ 3

అర్ధరాత్రి బండి యాగిన దని తెల్ల
వాఱు సరికి వీధి వార్త లల్లె
పురుడు పోసి వచ్చె పొరుగింటి నర్సమ్మ
నిప్పు లేని చోట నిండెను పొగ

ఒక సభ్యుడు: "నర్సమ్మ" అన్యదేశ్యం (పరభాషా పదం) కాదా?

నిర్వాహకుడు: "మంత్రసాని" అంటే ఆ బండి ఆగేది కాదు. ఉండనివ్వండి. "తెల్ల" దగ్గర పాదం విరగడం కూడా నాకు నచ్చింది. తెల్లవారే లోపలే మాట తయారైపోయింది. ఈ వారానికి ఇదే మేటి.

మరో సభ్యురాలు: పద్యం బాగుందమ్మా. ఒక్క సందేహం. ఆవిడ పురుడు పోసే వచ్చిందని మీకెలా తెలిసింది?

పూరణకర్త్రి: మా అత్తగారు చెప్పారండి. ఆవిడకు ఎదురింటి పిన్నిగారు చెప్పారట.