చేపల్లో డెక్టిన్-1 లేదంటే బీటా గ్లూకాన్ మేత దండగేనా?

కైకలూరు రైతు

మాది శీలావతి, బొచ్చె పెంచే చెరువు. తవుడును సంచుల్లో నింపి, వాటికి చిల్లులు పెట్టి, నీటిలో పాతిన కర్రలకు కట్టి మేపుతాము. మొప్పల జబ్బు రాకుండా ఉంటుందని ఒక దుకాణంలో ఈస్ట్ నుంచి తీసిన బీటా గ్లూకాన్ పొడిని ఇచ్చి, తవుడులో కలపమన్నారు. ఈ చక్కెర పదార్థాన్ని పట్టుకొనే డెక్టిన్-1 అనే గ్రాహకం చేప తెల్లరక్తకణాల మీద ఉంటుందని, అది తగలగానే కణాలు మేలుకుంటాయని చెప్పారు. మత్స్యశాస్త్రం చదువుతున్న మా అన్నగారి అబ్బాయి మాత్రం ఆ గ్రాహకం చేపల్లో కనబడనే లేదంటున్నాడు. గ్రాహకమే లేనప్పుడు ఆ పొడి దేనికి తగులుకుంటుంది? తెలిసినవారు చెప్పగలరు.

మేత సలహాదారు

ఈ పొడి వాడిన చెరువుల్లో చేప చురుకుగా ఉండడం నేను చాలాకాలంగా చూస్తున్నాను. గ్రాహకం పేరు ఏదైతే రైతుకేమిటి? ఫలితం ఉన్నప్పుడు సిద్ధాంతం కోసం ఆగనక్కరలేదని నా అభిప్రాయం.

రోగనిరోధక శాస్త్ర పరిశోధకురాలు

రైతుగారి ప్రశ్నను అంత తేలికగా పక్కన పెట్టకూడదు. డెక్టిన్-1 బీటా గ్లూకాన్‌ను గుర్తిస్తుందని 2001లో తేల్చింది ఎలుక కణాల మీద జరిగిన పనిలో. దానికి నేరుగా సరిపోలే జన్యువు ఎముక చేపల్లో ఇంతవరకు దొరకలేదు కనుక, మీ అన్నగారి అబ్బాయి చెప్పింది నిజమే. అయితే ఆ ఒక్క గ్రాహకం లేదన్నంత మాత్రాన చేపకు బీటా గ్లూకాన్ తెలియదని అనుకోవడం పొరపాటు. గ్రాహకం నుంచి కణం లోపలికి సంకేతాన్ని చేరవేసే సిక్, కార్డ్9 వంటి ప్రోటీన్లు చేపల్లోనూ ఉన్నాయి. 2019లో కార్పు చేపలో సూక్ష్మజీవులను మింగే తెల్లరక్తకణాలైన మాక్రోఫేజ్‌ల మీద వెలువడిన ఒక అధ్యయనం బీటా గ్లూకాన్‌కు ఆ కణాలు స్పందించే తీరును పరిశీలించి, సి-రకం లెక్టిన్ల (చక్కెరలను పట్టుకొనే ప్రోటీన్ల కుటుంబం, డెక్టిన్-1 కూడా ఇందులోదే) మార్గానికే అందులో ముఖ్యపాత్ర ఉన్నట్టుందని సూచించింది. అంటే అదే పనిని ఆ కుటుంబంలోని వేరే సభ్యులు చేస్తూ ఉండవచ్చు.

ఈ కుటుంబంలో ఒక ప్రోటీన్ ఏ చక్కెరను పట్టుకుంటుందో పేరును బట్టి చెప్పలేము. వీటిలో చాలావాటికి చక్కెరను పట్టుకొనే చోట కాల్షియం అయాన్ ఒకటి కూర్చుంటుంది. దాని పక్కన గ్లుటామిక్ ఆమ్లం, ప్రోలిన్, ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లాలు వరుసగా ఉంటే ఆ ప్రోటీన్ సాధారణంగా మానోజ్‌ను, గ్లుటమైన్, ప్రోలిన్, ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటే గెలాక్టోజ్‌ను ఇష్టపడుతుంది. 1992లో శాస్త్రవేత్త డ్రికామర్ ఒక మానోజ్ లెక్టిన్‌లో ఈ చిన్న వరుసను మార్చగా, దాని మొగ్గు గెలాక్టోజ్ వైపు తిరిగింది. కార్పు కుటుంబపు చేపల్లో మానోజ్ లెక్టిన్‌కు సాటిగా 2000లో కనుగొన్న ప్రోటీన్‌లో ఉన్నది గెలాక్టోజ్ వరుసే! శీలావతి, బొచ్చె కూడా అదే కుటుంబానికి చెందినవి కనుక, ఎలుకకు రాసిన వాక్యాన్ని చేపకు అతికించి పొడి అమ్మడం నాకు బాధ కలిగిస్తుంది.

మేత సలహాదారు

అంటే లెక్టిన్ ఎంత ఎక్కువగా పుడితే అంత రక్షణ అనైనా ఒప్పుకుంటారు కదా? ఆ మాటే మేము రైతులకు చెబుతున్నాము.

రోగనిరోధక శాస్త్ర పరిశోధకురాలు

ఒప్పుకోలేను. అమెరికాలో పెంచే ఛానల్ క్యాట్‌ఫిష్‌కు కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు వస్తుంది. జబ్బుకు సులువుగా లొంగే చేపల మొప్పల్లో రామ్నోజ్ అనే చక్కెర‌ను పట్టుకొనే ఒక లెక్టిన్ బాగా పెరిగింది. బ్యాక్టీరియాను వదలడానికి ముందే చేపలను రామ్నోజ్ లేదా గెలాక్టోజ్ కలిపిన నీటిలో ఉంచి ఆ లెక్టిన్ చక్కెరను పట్టుకొనే చోట్లను ముందే నింపేస్తే, మరణాలు తగ్గాయి. కాబట్టి కాపలాదారుగా మనం భావించే ప్రోటీనే ఒక్కోసారి సూక్ష్మజీవి అంటుకోవడానికి ఆసరా కావచ్చు. ఫంగస్ (పంగాసియస్) చేప కూడా క్యాట్‌ఫిష్ వర్గానిదే కాబట్టి దాన్ని పెంచే మన రైతులు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి. అయితే ఇవి వేరే జాతులు కనుక, ఫలితాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోకూడదు.

కైకలూరు రైతు

నాకు కావలసింది తేలిగ్గా చెప్పండి. ఆ పొడి కొనాలా, వద్దా?

రోగనిరోధక శాస్త్ర పరిశోధకురాలు

కొనే ముందు పొడి ఏ మూలం నుంచి వచ్చిందో అడగండి. ఈస్ట్ గ్లూకాన్‌లో చక్కెర అణువులను కలిపే 1,3 బంధాల వెన్నుకు 1,6 కొమ్మలుంటాయి. బార్లీ, ఓట్స్ వంటి ధాన్యపు గ్లూకాన్‌లో 1,3తో పాటు 1,4 బంధాలుంటాయి. రెండూ ఒకటి కావు. అది నీటిలో కరిగేదా, రేణువులుగా నిలిచేదా అన్నది కూడా అడగండి, ఎందుకంటే డెక్టిన్-1 సంకేతాన్ని రేణువులే సరిగా లేపుతాయని 2011లో తేలింది. చేప గ్రాహకాలకూ ఇది వర్తిస్తుందని నేను చెప్పను. అడగవలసిన ప్రశ్న మాత్రం ఇదే.

మీ మేత పద్ధతి గురించి కూడా ఆలోచించాలి. సంచి గంటల తరబడి నీటిలో వేలాడుతున్నప్పుడు తవుడు పట్టి ఉంచని పొడి చిల్లుల గుండా నీళ్ళలోకి జారిపోతుంది, చేప నోటికి చేరదు.

పోల్చిచూడకుండా చెరువంతటికీ వేయకండి. ఒకే మూలపు పిల్లలు, ఒకే సాంద్రత, ఒకే తవుడు ఉన్న రెండు చిన్న చెరువులు దొరికితే, ఒకదానిలోనే పొడి కలిపి, చచ్చిన చేపలను రోజూ లెక్కరాసి, పట్టుబడిలో బరువు చూడండి. రెండు చెరువులతో తుది తీర్పు రాదు కానీ, అసలు పోల్చిచూడకుండా పెట్టిన ఖర్చు కంటే అది మేలు.

కైకలూరు రైతు

మా తమ్ముడి చెరువు, నాది పక్కపక్కనే ఉన్నాయి, పిల్లలు కూడా ఒకే హేచరీ నుంచి వచ్చినవే. వాడిని అడిగి లెక్క మొదలుపెడతాను. దుకాణంలో మూలం గురించి అడిగితే ఏమన్నారో ఇక్కడే రాస్తాను.