కూల్ రూఫ్ పనికి 5 రోజుల శిక్షణ: ఏం నేర్పాలి, ఎంత సామాను తెప్పించాలి?

తాపీ_తరగతి

నమస్కారమండీ. ఫిబ్రవరిలో 20 మంది బ్యాచ్‌కి కూల్ రూఫ్ (ఎండని తిప్పికొట్టేలా పైకప్పుకి వేసే తెల్ల పూత) పనిలో 5 రోజుల శిక్షణ పెడుతున్నాం. 12 మంది గోడలకి రంగులేసే పనివాళ్లు, 8 మంది మహిళా సంఘాల అక్కలు. ఊళ్లో ఇళ్లు సగం శ్లాబు డాబాలు, సగం సిమెంట్ రేకులవి. బ్యాచ్ అయ్యాక ఎండలు ముదిరేలోపు వీళ్లు సొంతంగా పని పట్టుకోగలగాలి.

నెట్‌లో దొరికిన సిలబస్‌లు రెండు రకాలు. ఒకటి అమెరికాది, బ్లోయర్ డోర్ (ఇంటి సందుల్లోంచి పోయే గాలిని కొలిచే ఫ్యాను), అటక ఇన్సులేషన్ అంటూ నడుస్తుంది. రెండోది పెయింటు కంపెనీలది, డబ్బా మూత తీయడంతో మొదలై రోలర్ కడగడంతో అయిపోతుంది. రెండూ మనకి సరిపోయేలా లేవు. రోజులు ఎలా పంచుకోవాలి, సామాను ఎంత కావాలి, తర్వాత ఫిర్యాదులు ఎక్కడ వస్తాయి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

పిట్టగోడ

5 రోజుల్లో రంగు వేయడానికి ఒక్క రోజు చాలండీ. రెండున్నర రోజులు శ్లాబు సిద్ధం చేయడానికి, ఒక రోజు కొలతలకి, మిగిలింది పరీక్షకి, భద్రతకి. కూల్ రూఫ్ ఊడిపోయిందంటే నూటికి తొంభై సార్లు తప్పు డబ్బాలో ఉండదు, కింద శ్లాబులో ఉంటుంది.

మొదటి రోజు డాబా చూడటం నేర్పండి. నాలుగు బకెట్ల నీళ్లు పోయించి ఎక్కడ నిలుస్తాయో చాక్‌పీసుతో గీయించండి. వాటం 10 అడుగులకి అంగుళంపావు ఉంటే బాగున్నట్టు. రెండు రోజులకీ ఆరని మడుగు ఉంటే దాని మీద రంగు వేయకూడదు, ముందు పాలిమర్ కలిపిన మోర్టార్‌తో ఆ పల్లం లేపాలి. నిలిచిన నీరు యాక్రిలిక్ పొరని మెత్తబరుస్తుంది. ఆరాక మిగిలే మట్టి తెల్లదనాన్ని ఎలాగూ తినేస్తుంది.

తర్వాత చెమ్మ పరీక్ష. 18 అంగుళాల చదరం పాలిథిన్ షీటు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి 16 గంటలు వదిలేయాలి. తీసినప్పుడు షీటు లోపలివైపు నీటి చుక్కలున్నా, కింద శ్లాబు నల్లబడినా పని వాయిదా. మొదటి రోజు సాయంత్రం అంటిస్తే రెండో రోజు పాఠం అక్కణ్నుంచే మొదలుపెట్టొచ్చు. చెమ్మ మీద వేసిన పొర మొదటి ఎండకే అప్పడంలా పొంగుతుంది.

పాచికి బ్లీచింగ్ పౌడర్ నీళ్లు చల్లి, పావుగంట నానబెట్టి, గట్టి బ్రష్‌తో రుద్ది, శుభ్రంగా కడగాలి. రుద్దకుండా చల్లి వదిలేస్తే చచ్చిన పాచి పొడిలా మిగులుతుంది, రంగు దానికే అంటుకుంటుంది తప్ప శ్లాబుకి కాదు. యాసిడ్ జోలికి పోనివ్వకండి.

పగుళ్ల దగ్గర గోడ పెయింటర్లందరూ చేసే తప్పు ఒకటుంది: లప్పం. గోడలకి పెట్టే లప్పం డాబా మీద ఒక వానకి ఉబ్బి, ఒక ఎండకి రాలిపోతుంది. పగులు వెంట చిన్న ఉలితో వి ఆకారంలో గాడి తీసి, దుమ్ము ఊది, తడిపి, పాలిమర్ మోర్టార్ నింపించండి. ఎండకీ చలికీ తెరుచుకుని మూసుకునే పగులైతే సాగే సీలెంట్ వాడాలి. దాని మీద రెండు కోట్ల (పూతల) మధ్య ఫైబర్ జాలీ పట్టీ రావాలి. పిట్టగోడ, శ్లాబు కలిసే మూల దగ్గర గోలా (మూలలో వంపుగా కట్టే మోర్టార్ పట్టీ) లేకపోతే కట్టాకే ముందుకెళ్లాలి.

మైక్రాన్_లెక్క

కొలతల రోజుకి ఒక అభ్యాసం చెప్తాను. ఇది ఒక్కటి వంటబడితే చాలు.

10 అడుగుల చదరం చాక్‌పీసుతో గీయించండి. అంటే 100 చదరపు అడుగులు, 9.3 చదరపు మీటర్లు. కూల్ రూఫ్ కోటింగులు చాలావాటికి రెండు కోట్లకి కలిపి లీటరుకి 20–25 చదరపు అడుగులు వస్తుందని డబ్బా మీద రాసుంటుంది. 20 చొప్పున చూస్తే ఈ చదరానికి 5 లీటర్లు. మగ్గుతో కొలిచి 5 లీటర్లు విడిగా పోసివ్వండి. మొదటి కోటుకి 2, రెండో కోటుకి 3. చదరం అయ్యేసరికి బకెట్ ఖాళీ కావాలి. గోడ పెయింటర్ల చేయి రంగుని లాగి లాగి పూయడానికి అలవాటు పడి ఉంటుంది, మొదటిసారి అందరూ లీటరున్నర మిగిల్చి "పొదుపు చేశాం సార్" అంటారు. అదే అసలు పాఠం.

ఎందుకంటే చదరపు మీటరుకి లీటరు పోస్తే తడి పొర సరిగ్గా 1 మిల్లీమీటరు, అంటే 1000 మైక్రాన్లు. 5 లీటర్లు 9.3 చదరపు మీటర్లకి పరిస్తే రెండు కోట్లు కలిపి దాదాపు 540 మైక్రాన్లు. డబ్బాలో ఘనపదార్థం సగముంటే ఆరాక మిగిలేది 270. మూడున్నర లీటర్లతో ముగిస్తే 190 కూడా రాదు, రెండేళ్లకే శ్లాబు బూడిద రంగు బయటపడుతుంది. తడి పొర కొలిచే దువ్వెన లాంటి గేజ్ చవకే, గ్రూపుకి ఒకటి ఇవ్వండి. మొదటి కోటులో నీళ్లు కలిపితే గేజ్ ఆ నీళ్లని కూడా కలిపి చూపిస్తుందని ముందే చెప్పండి. నీళ్లు ఎంత కలపాలో డబ్బా మీద ఉన్నదే మాట, మేస్త్రి చెప్పింది కాదు. రెండో కోటు నీళ్లు లేకుండా, మొదటి దానికి అడ్డంగా వేయాలి.

రేకులకి నేల కొలతతో లెక్కేస్తే తక్కువొస్తుంది. అలల వల్ల ముడతలున్న సిమెంట్ రేకులకి 20 శాతం, ఇనుప రేకులకి 14 శాతం కలపాలి. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజాపనుల శాఖ) కొలతల్లో వాడేవి ఇవే అంకెలు.

సామాను: నలుగురేసి 5 గ్రూపులు, గ్రూపుకో చదరం, మొత్తం 25 లీటర్లు. 20 లీటర్ల బకెట్లు రెండు తెప్పిస్తే మిగిలే 15 తప్పుల పరీక్షకి పనికొస్తాయి. ఆ పరీక్ష ఏమిటంటే, ఓ మూల నాలుగు చిన్న చదరాలు పెట్టించండి. ఒకటి శుభ్రంగా కడిగినది, ఒకటి ఊడ్చని దుమ్ము మీద, ఒకటి తడి మీద, ఒకటి మధ్యాహ్నం రెండింటికి కాలే శ్లాబు మీద. రెండో రోజే వేయించి, చివరి రోజు బ్లేడుతో అడ్డంగా నిలువుగా గీసి, గట్టి టేపు అంటించి లాగమనండి. దుమ్ము చదరం టేపుతో పాటే లేచొస్తుంది. ఇక దాని మీద ఉపన్యాసం అక్కర్లేదు.

సున్నపుబట్టి

డబ్బా కోటింగు కొనలేని ఇళ్లు చాలా ఉంటాయి, సున్నం కూడా నేర్పండి. రాతిసున్నం కిలోకి దాదాపు 5 లీటర్ల నీళ్లతో విరిపించి, ఒక రోజు ఊరనిచ్చి, గుడ్డలో వడకట్టాలి. ప్రతి 10 లీటర్లకి 40 గ్రాముల జిగురు వేడినీళ్లలో కరిగించి కలపాలి. మూడు కోట్లు. సున్నం విరిసేటప్పుడు నీళ్లు సలసలా మరుగుతాయి, కళ్లజోడు లేకుండా ఎవరినీ వంగి చూడనివ్వకండి. ప్లాస్టిక్ బకెట్ కూడా వద్దు, ఇనుప డ్రమ్ములో విరిపించాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పండి: నీలిమందు కలపొద్దు. గోడకి వేసేటప్పుడు తెలుపు మెరవాలని చిటికెడు కలపడం అందరికీ అలవాటు. ఇక్కడ కంటికి మెరిసే తెలుపు కాదు కావలసింది, ఎండని తిప్పికొట్టే తెలుపు. నీలం ఆ ఎండలో కొంత మింగేస్తుంది. ఇక సున్నం వానలకి కరిగిపోతుంది, ఏటా వేయాలి. అది ఇంటివాళ్లకి ముందే చెప్తే గొడవ ఉండదు.

అగరుబత్తి

అమెరికా సిలబస్‌ని పూర్తిగా పక్కన పెట్టకండి. అక్కడ 1976 నుంచి నడుస్తున్న వెదరైజేషన్ (ఇళ్లలో ఇంధనం వృథా తగ్గించే) పథకంలో పనికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలుస్తారు. పని చేసినవాడే పాస్ మార్కులు వేసుకోడు, నాణ్యత చూసే ఇన్‌స్పెక్టర్ వేరే ఉంటాడు. ఆ రెండు అలవాట్లు తీసుకోండి. బ్లోయర్ డోర్ మనకెందుకు? తలుపులు బార్లా తీసి ఉండే ఇంట్లో 50 పాస్కల్ పీడనం పెట్టి కొలిచేదేముంది? చలిదేశపు ఇంట్లో వేడి బయటికి పోకుండా ఆపాలి, మన పైఅంతస్తులో పైకప్పు నుంచి దిగే వేడిని ఆపాలి.

ఏసీ గదుల వరకు మాత్రం సందులు మూయడం ఒక పూట నేర్పండి. తలుపు కింద సెంటీమీటరు సందుంటే 90 సెంటీమీటర్ల తలుపుకి 90 చదరపు సెంటీమీటర్ల కంత, అంటే అరచేయంత కిటికీ ఎప్పుడూ తెరిచి ఉన్నట్టే. కిటికీలు మూసి, పక్కన బాత్‌రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, వెలిగించిన అగరుబత్తిని తలుపు చట్రం వెంట, ఏసీ పైపు కంత దగ్గర నెమ్మదిగా తిప్పమనండి. పొగ వంగిన చోటల్లా సందు. కిందకి బ్రష్ పట్టీ, చట్రానికి రబ్బరు పట్టీ, స్లైడింగ్ కిటికీకి అరిగిన ఉన్ని పట్టీ మార్పు.

హెచ్చరిక: బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే ఆ వెంటిలేటర్‌ని ఎట్టి పరిస్థితిలోనూ మూయకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం పోతుంది. వంటగది కూడా అంతే. ఇది పరీక్షలో తప్పు రాస్తే మిగతా మార్కులు ఎన్నొచ్చినా ఫెయిల్ చేయండి.

తాపీ_తరగతి

చాలా సంతోషం. రెండు అనుమానాలు. ఇంటివాళ్లకి తేడా చూపించడానికి తుపాకీ లాంటి థర్మామీటర్ కొన్నాం. అల్యూమినియం పెయింటు వేసిన రేకు మీద పెడితే తెల్ల పూతకన్నా చల్లగా చూపిస్తోంది. ఇదేంటి? రెండోది, పాత సిమెంట్ రేకుల మీద వైర్ బ్రష్ వాడొచ్చా?

మైక్రాన్_లెక్క

మొదటిది థర్మామీటర్ చేసే మోసం. ఆ చవక మోడళ్లు వస్తువు ఎమిటెన్స్ (వేడిని బయటికి వదిలే గుణం) 0.95 అనుకుని లెక్కేస్తాయి. మెరిసే లోహపు పూత ఎమిటెన్స్ అంతకన్నా చాలా తక్కువ. ఒళ్లు కాలుతున్నా వేడిని బయటికి వదలదు కాబట్టి థర్మామీటర్‌కి చల్లగా కనిపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, ఐదు నిమిషాలాగి టేపు మీద కొలవండి, నిజం తెలుస్తుంది. భవనాల ఇంధన పొదుపు నియమావళి ఈసీబీసీ 2017లో కూల్ రూఫ్‌కి ప్రతిఫలనం 0.60తో పాటు ఎమిటెన్స్ 0.90 కూడా అడిగింది అందుకే. వెండి రంగు రెండో దాంట్లో తప్పుతుంది.

రీడింగులు ఒకే డాబా మీద పూసిన భాగం, పూయని భాగం పక్కపక్కన, మధ్యాహ్నం ఒంటిగంట, రెండింటి మధ్య తీయాలి. ఇంటివాళ్లకి పైకప్పు రీడింగు చూపించి "మీ గదిలో ఇంత తగ్గుతుంది" అనకండి. మే నెలలో మామూలు శ్లాబు 60 డిగ్రీలు దాటుతుంది, పూత మీద చాలా తక్కువుంటుంది, కానీ గదిలో తేడా ఒకటి రెండు డిగ్రీలే. 2017లో హైదరాబాద్ బస్తీ ఇళ్ల మీద తెల్ల షీట్లు పరిచి చేసిన ప్రయోగంలో కూడా తేడా సగటున 2 డిగ్రీలే వచ్చింది. రెండంతస్తుల ఇంట్లో కిందవాళ్లకి ఏమీ తెలియదు.

ఇంకోటి, పూతని ఇన్సులేషన్ అని నేర్పకండి. 125 మిల్లీమీటర్ల వట్టి శ్లాబు యూ-విలువ (దాని గుండా వేడి ఎంత తేలిగ్గా దిగుతుందో చెప్పే అంకె) దాదాపు 3.4. రంగేశాక కూడా అదే 3.4. ఇళ్ల ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత పైకప్పుకి 1.2 మించకూడదంటుంది. అది రావాలంటే 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డు (గట్టి నురగ పలక) లాంటిది పడాలి. పూత ఎండని తిప్పికొడుతుంది, బోర్డు వేడిని నెమ్మదింపజేస్తుంది. రెండు వేర్వేరు పనులు.

రేకులషెడ్డు

రెండో ప్రశ్నకి: వద్దు. పాత సిమెంట్ రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. పొడిగా వైర్ బ్రష్‌తో గీకినా, ప్రెషర్ పంపుతో కడిగినా నారలు లేచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గుడ్డ మాస్కు ఏమీ ఆపదు, ఎన్95ని కూడా ఈ పనికి సరిపోయేదిగా లెక్కపెట్టరు. బాగున్న రేకుని తడిపి, సబ్బునీళ్లతో మెత్తని చీపురుతో కడగడం వరకే. పాచి గట్టిగా పట్టినా, అంచులు పొరలూడుతున్నా ఆ ఇల్లు బ్యాచ్‌కి పనికిరాదు. రంధ్రాలు వేయించొద్దు, కోయించొద్దు.

అంతకన్నా ముందు ప్రాణం తీసేది రేకు విరగడం. పైనుంచి గట్టిగా కనిపిస్తుంది, కాలేస్తే చెప్పకుండా పోతుంది. కింద పర్లిన్లు (రేకుల్ని మోసే అడ్డ దూలాలు) ఎక్కడున్నాయో హుక్కు బోల్టుల వరుస చెప్తుంది. కనీసం రెండు పర్లిన్ల మీద ఆనేలా పలక వేసి దాని మీదే నడవాలి, బోల్టుల వరుస చూసుకుని రేకు మీద అడుగేయడం కూడా తప్పే. పలకలు రెండుండాలి, ఒకటి జరుపుతుంటే రెండో దాని మీద నిలబడాలి. నిచ్చెన 4 అడుగుల ఎత్తుకి అడుగు దూరం, పైన 3 అడుగులు మిగలాలి. పొడుగు రోలర్‌కి అల్యూమినియం కర్ర ఇవ్వకండి, పైన కరెంటు తీగలుంటాయి. తెల్ల పూత మీద ఎండ కళ్లలోకి కొడుతుంది, నల్ల కళ్లజోడు సోకు కాదు. పని పొద్దున పదింటికల్లా ఆగిపోవాలి. మనుషుల కోసమే కాదు, కాలే శ్లాబు మీద రంగు పైన తొక్క కట్టి కింద పట్టుకోదు.

సర్టిఫికెట్ సంగతి: బీఈఈ (కేంద్ర ఇంధన పొదుపు సంస్థ) ఎనర్జీ ఆడిటర్ పరీక్ష డిగ్రీ, డిప్లొమా వాళ్లకి, ఈ బ్యాచ్‌కి కాదు. పనివాళ్ల కోర్సులకి హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌ని అడిగి చూడండి. పని ఎక్కడ దొరుకుతుందంటే, 2023 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ పాలసీ ప్రభుత్వ, వాణిజ్య భవనాలకీ, 600 గజాలు ఆపైన స్థలమున్న ఇళ్లకీ కూల్ రూఫ్ తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లకి ఇష్టమైతేనే.

పిట్టగోడ

ఒకటి మరిచాను. పని అప్పజెప్పేటప్పుడు ఇంటామెకి చెప్పాల్సినవి అక్కల చేతనే చెప్పించండి. మిరపకాయలు నేరుగా పూత మీద ఆరబోస్తే ఎర్ర మరక పోదు, కింద పట్టా వేసుకోవాలి. వడియాలు ఇదివరకటికన్నా నిదానంగా ఎండుతాయి, కింద నుంచి వచ్చే వేడి ఇక ఉండదు కదా. ఏటా ఎండాకాలం ముందు నీళ్లతో, మెత్తని చీపురుతో కడగాలి. ట్యాంకు దాకా నడిచే దారిలో రెండో కోటు తడిగా ఉండగానే సన్న ఇసుక చల్లండి, లేకపోతే వానకి జారుతుంది.

తాపీ_తరగతి

రేకుల ప్రాక్టీస్‌కి మా షెడ్డు పైకప్పే వాడదామనుకున్నాం. పలకలు తెప్పిస్తే సరిపోతుందా?

రేకులషెడ్డు

పైకప్పు మీద వద్దండీ. నేల మీద రెండడుగుల ఎత్తులో ఇనుప పైపుల ఫ్రేము కట్టించి, ఆస్బెస్టాస్ లేని రేకులు నాలుగు బిగించండి. కొత్త సిమెంట్ రేకైనా ఆస్బెస్టాస్ లేదని కొట్టువాడి దగ్గర రాతలో తీసుకోండి, లేదంటే ఇనుప రేకులే నయం. కొత్త జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) రేకుకి రంగు పట్టదు, జిడ్డు కడిగి, లోహానికి పట్టే ప్రైమర్ వేశాకే కోటింగు. ఆ ఫ్రేము మీద పలక జరపడం ప్రతివాళ్లూ మూడుసార్లు చేశాకే రోలర్ చేతికివ్వండి.