పిట్టలకీ చుక్కలకీ ఒకటే బైనాక్యులర్ సరిపోతుందా?

మాది బరంపురం. ఉగాదికి పర్లాకిమిడి దగ్గర అమ్మమ్మగారి ఊరు వెళ్తున్నాం. అమావాస్య మర్నాడే పండగ కదా, రాత్రుళ్లు వెన్నెల బెడద ఉండదు. క్రితం ఏడు డాబా మీద పడుకుని పిల్లలకోడి (కృత్తికలు) గుంపులో ఆరు చుక్కలు లెక్కపెట్టాను. మా తాతయ్య ఏడంటారు, ఆయన కళ్లజోడు లేకుండానే! సప్తర్షుల తోక వంపు పట్టుకుని వెళ్తే స్వాతి, ఆపైన చిత్త దొరికాయి.

8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) కొనాలా, 10×50 కొనాలా? రెండోది చుక్కలకి మేలట గానీ బరువు, చెయ్యి వణికితే పిట్ట కనపడదు. స్టాండు మోసే ఓపిక నాకు లేదు.

ఇంకోటి. పొద్దున్నే రావిచెట్టు మీంచి కంసాలి సుత్తి కొట్టినట్టు టుక్ టుక్ మని ఆగకుండా వినిపిస్తుంది. ఎంత వెతికినా కనపడదు. అమ్మమ్మ "ఏదో పిట్టలేరా" అని తేల్చేసింది. ఏమిటది? ఆకుల్లో ఎక్కడ వెతకాలి?

దారిలో టెక్కలి దగ్గర వలస పిట్టలొచ్చే ఊరు తేలినీలాపురంలో ఆగుదామనుకుంటున్నాం. ఉగాది నాటికి గూడబాతులు (పెలికాన్లు) ఇంకా ఉంటాయా? మహేంద్రగిరి మీద రాత్రి ఉండనిస్తారా? ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ఇద్దరు చిన్నపిల్లలతో వెళ్తున్నాం.