ఐపీ ఆస్తి వేలంలో రిసీవర్ బావమరిదే పాటదారు: ఎక్కడ చెప్పుకోవాలి?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి):
మా నాన్నగారు ఇక్కడి ఒక ధాన్యం వ్యాపారికి నోటు మీద 6 లక్షలు ఇచ్చారు. ఆ వ్యాపారి ఐపీ (దివాలా పిటిషన్) పెట్టగా కోర్టు ఆయనను దివాలాదారుగా ప్రకటించి, ఆస్తిని రిసీవర్‌కు (దివాలా ఆస్తిని చూసుకుని అమ్మేందుకు కోర్టు పెట్టే వ్యక్తికి) అప్పగించింది. వేములపల్లి దారిలో ఉన్న ఆయన ప్లాటును వేలం వేసిన తరువాత, పాట పాడుకున్నది రిసీవర్‌గారి బావమరిదేనని తెలిసింది. వేలం గురించి ఊళ్లో డప్పు వేయించినట్లు రికార్డులో ఉన్నదట, కానీ మా ఊరి డప్పు ఆయన ఆ నెలంతా భీవండిలో కొడుకు దగ్గరే ఉన్నాడు. వేలం జరిగి 12 రోజులైంది. ఢిల్లీలోని దివాలా బోర్డుకు రాస్తే పట్టించుకుంటారా?

జవాబు (నల్గొండ న్యాయవాది):
బోర్డుకు రాసి రోజులు పోగొట్టుకోకండి. 2016 నాటి దివాలా చట్టం (ఇన్సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్సీ కోడ్) కింద పనిచేసే ఇన్సాల్వెన్సీ ప్రొఫెషనల్స్ వంటివారి మీద వచ్చే ఫిర్యాదులనే ఆ బోర్డు చూస్తుంది. ఆ కోడ్‌లో వ్యక్తుల దివాలాకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చినా, అది కంపెనీల అప్పులకు జామీను ఉన్నవారికే పరిమితం. మామూలు వ్యాపారి పెట్టిన ఐపీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తుంది. దాని 68వ సెక్షన్ ప్రకారం, రిసీవర్ చేసిన పని వల్ల నష్టపోయిన అప్పు ఇచ్చినవారు ఆ పని జరిగిన 21 రోజుల్లోగా అదే కోర్టులో దరఖాస్తు వేస్తే, కోర్టు ఆ పనిని ఖాయం చేయవచ్చు, మార్చవచ్చు, రద్దూ చేయవచ్చు. మీకు మిగిలినవి 9 రోజులు.

జవాబు (మహబూబ్‌నగర్, రిటైర్డ్ కోర్టు ఉద్యోగి):
న్యాయవాదిగారు చెప్పిన గడువు సరైనదే. అయితే బావమరిది అన్న ఒక్క మాటతో అమ్మకం రద్దవుతుందని అనుకోకండి. వేలంలో బాధ్యత ఉన్న అధికారి నేరుగా గానీ, చాటుగా గానీ పాట పాడరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 73వ రూలు డిక్రీ (కోర్టు తీర్పు) అమలు వేలాల గురించి చెబుతుంది. బంధుత్వం అనుమానానికి చాలుతుంది, చాటుగా పాడాడని తేల్చడానికి మాత్రం ఆ డబ్బు ఎవరిదో చూపాలి. అందుకే ధరావతు ఏ ఖాతా నుంచి వచ్చిందో రికార్డు తెప్పించమని దరఖాస్తులోనే కోరండి. వేలం ప్రకటన, డప్పు రిపోర్టు, పాట షీటు, ఈ మూడింటి నకళ్లకు రేపే కాపీ అప్లికేషన్ పెట్టండి.

న్యాయవాది మళ్లీ:
రిసీవర్ కావాలని చేసిన తప్పు వల్ల గానీ, ఘోరమైన నిర్లక్ష్యం వల్ల గానీ ఆస్తికి నష్టం వచ్చినట్లు తేలితే, అదే 1920 చట్టం 56వ సెక్షన్ కింద ఆయన సొంత ఆస్తిని జప్తు చేసి అమ్మి ఆ నష్టాన్ని పూడ్చే అధికారం కోర్టుకు ఉంది. అది వేరే దరఖాస్తుగా వేయండి. రెండూ కలిపి రాస్తే (మన దగ్గర చాలామంది చేసే పొరపాటు ఇదే) అమ్మకం సంగతి పక్కకు పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
నకళ్లు వచ్చాయి. డప్పు రిపోర్టులో మా ఊరి ఆయన వేలిముద్ర ఉంది. ఆయన భీవండి నుంచి ఫోన్‌లో చెప్పినదేమంటే, తాను ఉపాధి హామీ మస్టరులో కూడా ఎప్పుడూ సంతకమే చేశానని. ఆయన అఫిడవిట్‌తో 19వ రోజున దరఖాస్తు వేశాము.