టయోటా సియెన్నా వ్యాన్‌కి స్టిక్కర్ రేటు మీద 7,000 డాలర్లు ఎక్కువ అడుగుతున్నారు, ఇచ్చేయడమేనా?

ప్లేనో నాన్న (మార్చి 2022)
అందరికీ నమస్తే. మేలో మాకు రెండో బేబీ, అదే టైంకి అమ్మానాన్నలు కూడా వస్తున్నారు, అందుకని సియెన్నా హైబ్రిడ్ కోసం నెలన్నరగా తిరుగుతున్నా, ఎక్కడికెళ్ళినా డీలర్ దగ్గర బండ్లు లేవు. నిన్న ఒక డీలర్ ఫోన్ చేసి ఒకటి వస్తోంది అన్నాడు, తీరా వెళ్తే కంపెనీ రేటు ఉండే విండో స్టిక్కర్ పక్కన ఇంకో కాగితం, మార్కెట్ అడ్జస్ట్‌మెంట్ అట, 7,000 డాలర్లు. బేరం లేదు, రేపటిలోగా చెప్పాలి, వెనక ఇంకో నలుగురున్నారు అన్నాడు.

ఇద్దరం జాబ్ చేస్తున్నాం, ఇవ్వగలం. కానీ మనసు ఒప్పట్లేదు. మా అపార్ట్‌మెంట్స్‌లో ఎంఎస్ చదివే తమ్ముడొకడున్నాడు, పోయిన నెల ఎవరో వెనక నుంచి గుద్దితే వాడి 2009 కరోలా రిపేర్‌కి కూడా పనికిరాకుండా టోటల్ అయిపోయింది, ఇన్సూరెన్స్ వాళ్ళిచ్చిన డబ్బుకి అలాంటి కారే మళ్ళీ దొరకట్లేదు. యూజ్‌డ్ కార్ల రేట్లు ఏడాదిలో 40 శాతం పెరిగాయి కదా. ఇంటర్న్‌షిప్‌కి రోజూ ఎవర్నో ఒకర్ని రైడ్ అడుక్కుని వెళ్తున్నాడు. మాలాంటోళ్ళం అడిగినంతా ఇస్తూ పోతుంటే వాడిలాంటోళ్ళ సంగతేంటి?

చిప్ అన్న
బ్రో ఇవ్వకు. బండ్లు దొరకనిది వాటిలో పెట్టే కంప్యూటర్ చిప్స్ లేకనే, నేను ఆ ఫీల్డ్‌లోనే ఉన్నా. 2020లో కోవిడ్ రాగానే కార్ కంపెనీలు చిప్ ఆర్డర్లు క్యాన్సిల్ చేసుకున్నాయి, ఆ కెపాసిటీ ల్యాప్‌టాప్‌లకీ ఫోన్లకీ పోయింది, తిరిగొచ్చి అడిగేసరికి లైన్లో చివర నిలబడ్డారు. దానికి తోడు 2021 ఫిబ్రవరి మంచుకి ఇక్కడే టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఫ్యాక్టరీలు ఆగిపోయాయి, మార్చిలో జపాన్‌లో రెనెసాస్ ప్లాంట్‌లో మంటలు. నువ్విచ్చే 7,000తో ఒక్క చిప్ కూడా ఎక్కువ తయారవదు. ఆ డబ్బు కార్ చేసినోడికి కూడా పోదు, డీలర్ దగ్గరే ఉంటుంది. పోనీ కంపెనీ దగ్గరే కొందామా అంటే టెక్సాస్ చట్టం ఒప్పుకోదు.

కాటీ కృష్ణ
నేను ఒప్పుకోను అన్నా. రేటు పెరగబట్టే అంత అవసరం లేనోడు ఆగుతాడు, లేకపోతే ముందు ఫోన్ చేసినోడికీ డీలర్ తెలిసినోడికీ పోతుంది బండి. అదేం న్యాయం?

నైట్ షిఫ్ట్
కృష్ణ గారూ, రేటు పెరిగితే ఆగేది అవసరం లేనోళ్ళు కాదండీ, డబ్బు లేనోళ్ళు. నేను నర్స్‌ని. నా పాత బండి నవంబర్‌లో పూర్తిగా చచ్చిపోయింది, నా షిఫ్ట్ టైంకి మా వైపు బస్ లేదు, వర్క్ ఫ్రం హోం అన్న మాటే లేదు. స్టిక్కర్ మీద 4,000 ఎక్కువిచ్చి 72 నెలల లోన్ మీద కొన్నా, ఎందుకంటే ఒక్క వారం కూడా ఆగలేను. ప్లేనో గారూ, మీ ఇంట్లో నడిచే కార్లున్నాయా? ఉంటే దయచేసి ఆగండి.

పాత బజాజ్
పిల్లలూ, రేటు పెరగకుండా కట్టడి చేసినా అందరికీ సమానంగా అందుతుందని అనుకోకండి. 80ల్లో మా నాన్నగారు బజాజ్ స్కూటర్‌కి డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూశారు. ధర అందరికీ ఒకటే, కానీ ఫారిన్‌లో ఉన్నోళ్ళు డాలర్లు పంపితే వేరే కోటా, నెలల్లో బండి ఇంటి ముందుండేది. మా పక్కింటాయనకి అలాగే వచ్చింది. మా నాన్నగారేమో స్కూల్‌కి పదకొండు కిలోమీటర్లు సైకిల్ మీదే వెళ్ళొచ్చేవారు, ఆయన మోకాళ్ళు అప్పుడే అరిగిపోయాయి. ఇప్పుడు ఆ డాలర్లు ఉన్నది మన దగ్గర.

ప్లేనో నాన్న
బాబాయ్ గారూ, ఆ చివరి మాట మా ఆవిడకి కూడా చదివి వినిపించా. నర్స్ గారూ, అవును, రెండు కార్లున్నాయి, రెండూ బాగానే నడుస్తున్నాయి. ఆ డీలర్‌కి వద్దని చెప్పేశా. ఒక్లహోమాలో ఒకచోట స్టిక్కర్ రేటుకే లిస్ట్‌లో పేరు రాసుకున్నారు, ఆరు నెలలు పట్టొచ్చట, అప్పటిదాకా అమ్మానాన్నలతో ఎక్కడికైనా రెండు కార్లలో వెళ్తాం. నాకు ఆఫీసు మంగళ, గురువారాలే, మిగతా మూడు రోజులు ఆ తమ్ముడు మా కామ్రీ తీసుకెళ్తున్నాడు, ఇన్సూరెన్స్‌లో వాడి పేరు కూడా కలిపించా. వేరే స్టేట్‌లో కొంటే ట్యాక్స్ అక్కడ కట్టాలా, ఇక్కడ రిజిస్ట్రేషన్ అప్పుడు కట్టాలా? ఈ మధ్య అలా కొన్నోళ్ళుంటే చెప్పండి.