రాత్రి పందుల వేటకి లైటు: ఎరుపా, ఆకుపచ్చా?

వేకో_కొత్తవాడు
టెక్సస్‌లో ఉన్నవాళ్లు చెప్పాలి. మా ఆఫీసులో ఒకాయనకి వేకో అవతల రాంచ్ (పెద్ద పొలం) ఉంది. మొక్కజొన్న విత్తీ విత్తగానే పందులు వచ్చి సాలు వెంట సాలు గింజలు తవ్వుకుని తినేశాయట. రాత్రి కాపు కాద్దాం రమ్మంటున్నాడు. రైఫిల్ ఉంది, లైటే లేదు. షాపులో కుర్రాడు ఆకుపచ్చ తీసుకోమన్నాడు. రాంచ్ ఆయన ఎరుపు తప్ప ఇంకోటి ముట్టుకోడు. యూట్యూబ్‌లో చూస్తే థర్మల్ (ఒంటి వేడిని బట్టి చీకట్లో జంతువుని చూపించే స్కోప్) లేకపోతే ఇంట్లో పడుకోమంటున్నారు. బడ్జెట్ 150 డాలర్లు, దూరం వంద గజాలు దాటదు. ఏది కొనను?

కోనసీమ_కుర్రాడు
ఆకుపచ్చ. ఆలోచించక్కర్లేదు. పగటి పూట మన కంటికి అన్నిటికన్నా బాగా ఆనేది 555 నానోమీటర్ల (వెలుగు రంగుని చెప్పే తరంగదైర్ఘ్యం కొలత) దగ్గరి వెలుగు. చీకటికి అలవాటు పడ్డాక అది 507 వైపు జరుగుతుంది. ఆకుపచ్చ ఎల్‌ఈడీ ఈ రెండిటి మధ్యలోనే, 520, 530 దగ్గర ఉంటుంది. బ్యాటరీ అదే అయినా ఎరుపు కన్నా చాలా దూరం కనిపిస్తుంది. ఎరుపు లైటులో కాస్త దూరం పోతే పందీ ఒకటే, పొదా ఒకటే.

పాలమూరు_టు_ప్లేనో
అన్నా, నీ కంటికి ఆనేది పంది కంటికి ఆనదా? దాని కంట్లో రంగు పట్టే కణాలు రెండు రకాలే. ఒకటి 439 దగ్గర, ఇంకోటి 556 దగ్గర బాగా పనిచేస్తాయి. నీ ఆకుపచ్చ పోయి పోయి ఆ రెండోదాని పక్కనే పడుతుంది. ఎరుపు 620 పైన ఉంటుంది, పందికి మసగ్గా తప్ప తెలియదు.

మన కళ్ల సంగతి కూడా చూడు. చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట దాకా పడుతుంది. ఎరుపు ఆ అలవాటుని పెద్దగా చెడగొట్టదు. ఆకుపచ్చ గట్టిగా వేసి ఆర్పి చూడు, పక్కనున్న గేటు కూడా కనిపించదు.

కోనసీమ_కుర్రాడు
లెక్క సరే. కానీ పందికి కనిపించడం వేరు, పంది బెదరడం వేరు. వెలుగు ఉన్నట్టుండి మీద పడితే బెదురుతుంది, లైటు అటూ ఇటూ ఊగితే బెదురుతుంది. అందుకే డిమ్మర్ ఉన్నది కొనమంటాను. ముందు పైకి పెట్టి సన్నగా వెలిగించాలి. మెల్లగా దించుతూ, వెలుగు అంచు మాత్రమే గుంపుకి తగలనివ్వాలి. ఆ తర్వాతే పెంచాలి. ఇలా చేస్తే మేత మీద ఉన్న పంది చాలాసార్లు తల కూడా ఎత్తదు. క్లిక్కుమని ఒకేసారి భగ్గుమనే లైటు ఎరుపైనా దండగే.

అసలు గాలి నీ వెనక నుంచి వీస్తుంటే ఏ రంగూ పనికిరాదు. పందికి కన్ను అంతంతమాత్రం, ముక్కు మాత్రం మహా గట్టిది.

పాలమూరు_టు_ప్లేనో
ఒకసారి లైటు కింద దెబ్బ తిన్న గుంపు దగ్గర నీ డిమ్మర్ ఆటలు సాగవు. తర్వాతిసారి ఆకుపచ్చ అంచు తగిలితే చాలు, తుప్పల్లోకి పరుగే. ఫీడర్ (మేత రాల్చే డబ్బా) కింద రాత్రంతా సన్నటి ఆకుపచ్చ లైటు వెలుగుతూ ఉండే చోట పందులకి అది అలవాటైపోతుంది, అక్కడైతే ఒప్పుకుంటా. కొత్తాయన చెప్పేది మొక్కజొన్న చేను. అక్కడ అలవాటెక్కడిది?

ఫ్రిస్కో_నైట్‌షిఫ్ట్
థర్మల్ స్కోప్ కొంటే ఈ గొడవే ఉండదు. లైటూ లేదు, రంగూ లేదు, పందికి నువ్వున్నట్టే తెలియదు. డబ్బు కూడబెట్టుకుని ఒకేసారి కొను.

హిల్‌కంట్రీ_అక్క
150 డాలర్లు అన్నవాడికి వేలల్లో సలహా ఇస్తే ఏం లాభం ఫ్రిస్కో? పైగా చవక థర్మల్‌లో దూరాన పడుకున్న దూడ కూడా తెల్లటి మచ్చే.

మీ రంగుల పంచాయితీ బాగానే ఉంది గానీ, కొత్తవాడికి ముందు చెప్పాల్సింది ఎవరూ చెప్పలేదు. తమ్ముడూ, రైఫిల్‌కి బిగించిన లైటుతో పొలం వెతకొద్దు. లైటు ఎటు తిరిగితే గొట్టం అటే తిరుగుతుంది. అటు పికప్‌లో రాంచ్ ఆయనే కూర్చుని ఉండొచ్చు. వెతకడానికి ఒక లైటు, కాల్చడానికి ఇంకోటి. నీ 150ని రెండుగా చీల్చు. తలకి పెట్టుకునేది చిన్నది, ఎరుపు. రైఫిల్‌ది నేనైతే ఆకుపచ్చే అంటాను, పాలమూరు తమ్ముడు తిట్టుకున్నా సరే. ట్రిగ్గర్ మీదకి వేలు పోయే ముందు అది పందేనని తేలాలి, ఎరుపులో నాకు తేలదు.

ఎలా తేల్చుకోవాలో కూడా విను. ఆవు, దూడ, జింక, కొయొటీ (తోడేలు లాంటి జంతువు), కుక్క, వీటన్నిటికీ కంటి లోపల వెలుగుని తిప్పికొట్టే పొర ఉంటుంది. లైటు పడగానే కళ్లు జంటలు జంటలుగా మెరుస్తాయి. పందికి ఆ పొర లేదు. కొత్తవాళ్లు మెరుపు కోసం వెతుకుతూ, ఎదురుగా ఉన్న గుంపుని దాటేసి పోతుంటారు. పందులు గడ్డిలో నల్లటి దిబ్బల్లా ఉంటాయి, తల ఎటో తోక ఎటో తెలియదు. ఒక దిబ్బ కాస్త జరుగుతుంది, పక్కదీ జరుగుతుంది, అప్పుడు అర్థమవుతుంది గుంపని. కళ్లు ధగధగా మెరిశాయంటే వేలు తీసెయ్. అది పంది కాదనుకునే మొదలుపెట్టు.

కొనేటప్పుడు ల్యూమెన్లు చూసి మోసపోకు. అది మొత్తం వెలుగు, పెరడంతా పరుచుకునే లైటుకీ అంతే ఉండొచ్చు. నీకు కావాల్సింది ఒకచోట పడే వెలుగు, దాని కొలత క్యాండెలా. క్యాండెలా వర్గమూలాన్ని రెట్టింపు చేస్తే డబ్బా మీద రాసే దూరం మీటర్లలో వస్తుంది. 40,000 క్యాండెలా అంటే 400 మీటర్లు. కానీ ఆ 400 దగ్గర మిగిలేది పావు లక్స్ (ఒకచోట పడే వెలుగు కొలత), దాదాపు పౌర్ణమి వెన్నెలంత. వెన్నెల్లో అంత దూరాన పందిని పోల్చుకోగలవా? నేను మూడోవంతే లెక్కలోకి తీసుకుంటాను. చాలా డబ్బాల మీద ఆ అంకె తెల్ల వెలుగుది. దాని ముందు ఎరుపు ఫిల్టర్ బిగిస్తే చాలా భాగం అక్కడే ఆగిపోతుంది, తెల్ల ఎల్‌ఈడీలో ఎరుపే తక్కువ కాబట్టి. ఏ రంగు కావాలో ఆ రంగు ఎల్‌ఈడీయే ఉన్నది కొను.

సెల్ విషయంలోనూ జాగ్రత్త. ఈ లైట్లలో వేసే 18650 అనే ఛార్జింగ్ సెల్, మంచిదైనా 3,500 ఎంఏహెచ్ (ఎంత కరెంటు పట్టిందో చెప్పే కొలత) ప్రాంతంలో ఆగిపోతుంది. 9,900 అని రాసి ఉంటే దొంగ సరుకు.

పాలమూరు_టు_ప్లేనో
అక్కా, తిట్టుకోను గానీ ఒప్పుకోను. వంద గజాల లోపు అంటున్నాడు కదా, అంత దూరానికి మంచి ఎరుపు ఎల్‌ఈడీ, కాస్త మంచి స్కోప్ ఉంటే పోల్చుకోవచ్చు. వెతికే లైటు వేరే ఉండాలన్న మాట మాత్రం వంద శాతం కరెక్ట్.

సీమ_రైతుబిడ్డ
ఇంత తంటా పడి కొట్టేది ఒకటో రెండో. మిగతావి పక్క పొలంలో పడతాయి, లైటు చూస్తేనే పారిపోవడం నేర్చుకుంటాయి. గుంపు మొత్తం పట్టే పెద్ద బోను పెట్టించమని రాంచ్ ఆయనకి చెప్పండి. పందులు తగ్గాలంటే అదే దారి.

కోనసీమ_కుర్రాడు
నిజమే, బోను మేలు. కానీ బోనుకి మరిగేదాకా వారాల తరబడి మేత వేస్తూ కూర్చోవాలి. విత్తనం ఈ రాత్రే పోతుంది.

క్యూలో_ఉన్నా
కొత్తవాడు గారూ, మీది ఏ వీసా? 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో పందుల్ని కొట్టడానికి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు. లైటు వేసి రాత్రి కొట్టినా తప్పు లేదు. ఇది విని మనవాళ్లు లైసెన్స్ సంగతే వదిలేస్తారు. కానీ హెచ్‌1బీ లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. దానికున్న మినహాయింపుల్లో ఒకటి, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. అంటే పందికి అక్కర్లేని లైసెన్స్ మన వీసాకి కావాలి. అరువు రైఫిల్ అయినా అంతే. గ్రీన్‌కార్డ్ ఉంటే ఈ టెన్షన్ లేదు.

హిల్‌కంట్రీ_అక్క
మంచి మాట చెప్పారు. ఆ లైటే జింక మీద వేసి కాలిస్తే కేసు. సూర్యాస్తమయం దాటిన అరగంటకి జింకల వేట బంద్. ఆ ఏరియా గేమ్ వార్డెన్‌కి (వేట చట్టాలు చూసే అధికారి) ముందే ఒక ఫోన్ కొట్టండి. తప్పనిసరి కాదు, కానీ అర్ధరాత్రి కాల్పుల చప్పుడికి ఎవరైనా ఫిర్యాదు చేస్తే అప్పుడు పనికొస్తుంది.

ఆదిలాబాద్_చేను
మాకూ పందుల గోస ఇంతే. మక్క కంకి పట్టిందంటే రాత్రుళ్లు మంచె మీదే. ఇలాంటి లైటు ఇక్కడ తెప్పించుకోవచ్చా?

కోనసీమ_కుర్రాడు
కాపలాకైతే మీకు కావాల్సింది దీనికి పూర్తిగా రివర్స్ అన్నా. తెల్లదే కొనండి, ఒక్కసారిగా వెయ్యండి, అటూ ఇటూ ఊపండి. బెదిరి పోవడమే కదా మీకు కావాలి. గట్టు మీద పాము కూడా కనిపిస్తుంది. కొట్టడం మాత్రం వద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అటవీ శాఖ అనుమతి లేకుండా వేట నేరం.

వేకో_కొత్తవాడు
నాది హెచ్‌1బీయే. లైసెన్స్ లేకుండానే పోయేవాణ్ని, రేపే తీసుకుంటా. లైట్ల విషయానికొస్తే, ఎరుపు హెడ్‌ల్యాంప్ ఒకటి, డిమ్మర్ ఉన్న ఆకుపచ్చ ఒకటి ఆర్డర్ పెడుతున్నా. పాలమూరు అన్నా, ఏమనుకోవద్దు.

పాలమూరు_టు_ప్లేనో
ఏమనుకుంటాను, డబ్బులు నీవి. రెండోసారి వెళ్లినప్పుడు గుంపు ఎంత దూరం నుంచి లేచిందో వచ్చి ఇక్కడే రాయి, అప్పుడు మాట్లాడుకుందాం.

హిల్‌కంట్రీ_అక్క
వెళ్లే ముందు రాంచ్‌లోనే చీకటి పడ్డాక, రైఫిల్ ఖాళీ చేసి, లైటు బిగించి స్కోప్‌లోంచి ఒకసారి చూడు. లైటు స్కోప్ మీద బిగిస్తే వెలుగు గొట్టం మీద పడి వెనక్కి కొడుతుంది, ముందంతా పొగమంచు కమ్మినట్టు ఉంటుంది. కింద బిగిస్తే గొట్టం నీడ పడుతుంది. కాస్త పక్కకి జరిపితే సరిపోతుంది. తూటా దెబ్బకి వదులైపోకుండా మరలు కూడా బిగించి చూసుకో.