దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీ: "అక్రిడిటెడ్" అన్న మాటను ఎలా పరీక్షించాలి?

ప్రశ్న (షిఫ్ట్‌బీ):
ఎలక్ట్రికల్ డిప్లొమా ఉంది, పని షిఫ్టుల్లో. రోజూ క్లాసుకు వెళ్లడం కుదరదు కాబట్టి ఆన్‌లైన్‌లో బ్యాచిలర్స్ చేద్దామని చూస్తున్నాను. ఏ సైటు తెరిచినా "ఫుల్లీ అక్రిడిటెడ్" అనే ఉంది. ఏది నిజమో ఎలా తేల్చాలి? ల్యాబులు ఎక్కడ చేయాలి? ఎన్నేళ్లు పడుతుంది?

ట్రస్‌జాయింట్:
యూనివర్సిటీకి గుర్తింపు ఉండటం వేరు, మీరు చేరే ప్రోగ్రాముకు ఇంజనీరింగ్ అక్రిడిటేషన్ ఉండటం వేరు. సైట్లు మొదటిది చూపించి రెండోది ఉన్నట్టు భ్రమ కలిగిస్తాయి. అమెరికా ప్రోగ్రామైతే, ఇంజనీరింగ్ ప్రోగ్రాములకు అక్రిడిటేషన్ ఇచ్చే ఏబెట్ సంస్థ సైటులో యూనివర్సిటీ పేరు కొట్టి, డిగ్రీ పేరు అక్షరం పొల్లు పోకుండా సరిపోయిందా, ఏ ఏడాది నుంచి అక్రిడిటేషన్ ఉందో చూడండి. ఒక్కరైనా పట్టా పుచ్చుకుని బయటికి రానిదే కొత్త ప్రోగ్రాముకు ఏబెట్ అక్రిడిటేషన్ ఇవ్వదు. అందుకే "త్వరలో వస్తుంది" అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి.

అక్కడే, అక్రిడిటేషన్ ఇచ్చిన ఏబెట్ విభాగం (కమిషన్) పేరు కూడా చూడాలి. ఈఏసీ అంటే ఇంజనీరింగ్, ఈటీఏసీ అంటే ఇంజనీరింగ్ టెక్నాలజీ. డిప్లొమా వాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. పేరులో "టెక్నాలజీ" ఒక్కటే ఎక్కువ, డిప్లొమా క్రెడిట్లు కూడా బాగా కలుపుకుంటారు. కానీ ఒక దేశం డిగ్రీని ఇంకో దేశం సమానంగా చూసేందుకు కుదిరిన 1989 నాటి ఒప్పందం, వాషింగ్టన్ అకార్డ్, నాలుగేళ్ల ఇంజనీరింగ్ డిగ్రీలకే వర్తిస్తుంది. టెక్నాలజిస్టులకు 2001లో వచ్చిన సిడ్నీ అకార్డ్ వేరే ఉంది. ఇంజనీరు లైసెన్సు దగ్గర ఈ తేడా గట్టిగా తగులుతుంది.

ఆన్‌లైన్‌లో నిజంగా ఈఏసీ ఉన్నవి తక్కువే. అరిజోనా స్టేట్ ఎలక్ట్రికల్ ఒకటి. నార్త్ డకోటా యూనివర్సిటీలో థియరీ దూరం నుంచి, ల్యాబులు వేసవిలో క్యాంపస్‌లో. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ ఉంది, కానీ దానిది ఈఏసీ కాదు, అక్కడి ఇంజనీరింగ్ సంస్థల గుర్తింపు.

బ్రెడ్‌బోర్డ్:
ల్యాబుల సంగతి. సివిల్, కెమికల్, మెకానికల్ అయితే క్యాంపస్‌కు వెళ్లక చాలాచోట్ల తప్పదు. చేరకముందే ఎన్ని వారాలు, ఏ నెలలో అని రాతపూర్వకంగా అడగండి. సెలవు దొరక్కపోతే ఆ కోర్సు మళ్లీ వచ్చే వేసవికే.

ఎలక్ట్రికల్‌లో ఇంటికి కిట్ వస్తుంది, లేదా మీరే కొనుక్కోవాలి. బ్రెడ్‌బోర్డు, విడిభాగాలు, యూఎస్‌బీతో నడిచే చిన్న ఆసిలోస్కోప్. ఎనలాగ్ డిస్కవరీ లాంటివి ఎక్కువ వాడతారు. వాటిలో సప్లై ±5 వోల్టులే అన్నది గుర్తుపెట్టుకోండి. 741 ఆప్-యాంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్)తో గెయిన్ 10, అంటే పది రెట్లు, పెట్టి, పీక్ 0.5 వోల్టుల సైన్ వేవ్ ఇస్తే కాగితం మీద 5 వోల్టులు రావాలి. స్క్రీను మీద మాత్రం తరంగం తల మూడున్నర, నాలుగు వోల్టుల మధ్య చదునుగా తెగి కనిపిస్తుంది. వైరింగ్ తప్పనుకుని పూటంతా వెతుకుతారు. ఆ పాత చిప్ సప్లై అంచు దాకా వెళ్లలేదు, అంతే. ఇన్‌పుట్‌ను 0.2కు తగ్గిస్తే సరిపోతుంది. సప్లై కాళ్ల దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టడం మరవకండి, లేకపోతే అవుట్‌పుట్ దానంతటదే ఊగొచ్చు.

రిపోర్టులో లెక్కకట్టిన విలువ, కొలిచిన విలువ పక్కపక్కన పెట్టి తేడా ఎందుకొచ్చిందో రాయండి. 5 శాతం టాలరెన్స్ (విలువ అంత మేర అటూఇటూ ఉండొచ్చు) రెసిస్టర్లు వాడి, ఆ మాట రాయకపోతే మార్కులు పోతాయి. అంతకంటే ముందు రెసిస్టర్‌ను మల్టీమీటర్‌తో కొలిచి, ఆ విలువతోనే లెక్కకట్టడం మేలు.

షిఫ్ట్‌బీ:
థ్యాంక్సండీ. మరి కాలం? డిప్లొమా క్రెడిట్లు ఎంత వరకు కలుస్తాయి?

ట్రస్‌జాయింట్:
డిగ్రీ 125 క్రెడిట్లు అనుకోండి. ఒక్కో క్రెడిట్‌కు వారానికి మూడు గంటలు, క్లాసూ చదువూ కలిపి. టర్ముకు 6 క్రెడిట్లంటే 18 గంటలు, ఉద్యోగం చేస్తూ అంతకు మించి ఎత్తుకోకండి. వేసవి టర్ముతో కలిపి ఏడాదికి 18, అంటే దాదాపు ఏడేళ్లు. 30 క్రెడిట్లు కలిస్తే ఐదేళ్ల పైచిలుకు.

క్యాల్క్యులస్ లేకుండా చెప్పిన సర్క్యూట్స్ పేపర్‌ను ఇంజనీరింగ్ సర్క్యూట్స్ కింద కలుపుకోరు. ఏబెట్ రూలు ప్రకారం మ్యాథ్స్, బేసిక్ సైన్స్ కనీసం 30 క్రెడిట్లు, ఇంజనీరింగ్ విషయాలు 45 ఉండాలి. కాబట్టి జనరల్ సబ్జెక్టులే ఎక్కువగా కలుస్తాయి.

అసలు ఆలస్యం గొలుసు కోర్సుల వల్ల. క్యాల్క్యులస్ మూడు భాగాలు, ఆపైన డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, ఆ తర్వాతే సిగ్నల్స్. పై కోర్సులు చాలాచోట్ల ఏడాదికి ఒక్కసారే పెడతారు. మధ్యలో ఒకటి తప్పితే టర్ము కాదు, ఏడాది జరుగుతుంది. మొదటి రోజునే గొలుసు గీసుకుని మ్యాథ్స్‌తో మొదలుపెట్టండి. సులువని జనరల్ సబ్జెక్టులన్నీ ముందే ఊడ్చేస్తే చివర్లో వారం వారం బరువైనవే మిగులుతాయి.

కోడ్‌బుక్:
ఒక సవరణ లాంటిది. వాషింగ్టన్ అకార్డ్ ఉందంటే లైసెన్సు చేతికొచ్చినట్టు కాదు, చదువు సమానమని ఒప్పుకోవడం వరకే. అమెరికాలో ఆపైన ఎఫ్‌ఈ (ఇంజనీరింగ్ ప్రాథమికాంశాల) పరీక్ష, 110 ప్రశ్నలు, తర్వాత అనుభవం, పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) పరీక్ష ఉంటాయి.

భారత్‌లో ఈ డిగ్రీని చూపించాలనుకుంటే ఇంకో చిక్కు. అక్కడ దూరవిద్య ఇంజనీరింగ్ డిగ్రీకి అనుమతి లేదు. 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల్లో 2001–05 మధ్య చేరినవారివి తాత్కాలికంగా నిలిపివేసి పరీక్ష రాయమంది, ఆ తర్వాత చేరినవారివి రద్దు చేసింది. కాబట్టి ఫీజు కట్టకముందే, పట్టా ఎక్కడ వాడతారో అక్కడి లైసెన్సు బోర్డుకు ప్రోగ్రాము పేరు, చదివే పద్ధతి రెండూ రాసి ఈమెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పినదాన్ని రేపు చూపించలేరు.